భయం వెనకాల ఏముందో అదే కథ

1815 మార్చి 19న మేరీ అనే పదిహేడేళ్ల అమ్మాయి తన డైరీలో ఒక కల గురించి రాసుకుంది. చనిపోయిన తన పసిపాప మళ్లీ బతికినట్టు కల. పాప నిజంగా పోలేదట, చలికి బిగుసుకుపోయిందంతేనట, పొయ్యి దగ్గర పెట్టుకుని ఒళ్లు రుద్దితే ప్రాణం వచ్చిందట. మెలకువ వచ్చాక చూస్తే పాప లేదు. నెలలు నిండకుండా పుట్టి, రెండు వారాలైనా నిండకుండానే కన్నుమూసిన బిడ్డ అది.

మరుసటి ఏడు వేసవిలో ఆమె జెనీవా సరస్సు ఒడ్డున ఉంది. ఇండోనేషియాలో తంబోరా అగ్నిపర్వతం బద్దలైన ప్రభావం వల్ల 1816లో యూరప్‌కి వేసవి సరిగ్గా రానే లేదు. ఎడతెగని వానలకు ఇంట్లో చిక్కుకుపోయిన స్నేహితులు తలా ఒక దెయ్యం కథ రాద్దామని పందెం వేసుకున్నారు. ఆ పందెంలోంచి పుట్టి 1818లో అచ్చయిందే మేరీ షెల్లీ నవల ‘ఫ్రాంకెన్‌స్టైన్’. ప్రాణం లేని శరీరానికి ప్రాణం పోసిన మనిషి కథ.

ఆ పేరు వినగానే మనకు కుట్లు వేసిన వికృతమైన ముఖం గుర్తొస్తుంది. రాసిన మనిషి వైపు నుంచి చూస్తే వేరే సంగతులు కనిపిస్తాయి. మేరీ పుట్టిన పదకొండు రోజులకే ఆమె తల్లి బాలింత జ్వరంతో చనిపోయింది. తన మొదటి బిడ్డ పోయింది. నవల రాసే నాటికి ఆమె ఒళ్లో కొన్ని నెలల పిల్లవాడు ఉన్నాడు. వాడి పేరు విలియం. నవలలో ఆ వికృత రూపం చేతిలో మొదట చనిపోయేది ఒక చిన్న పిల్లవాడు. వాడి పేరు కూడా విలియమే. అది మేరీ తండ్రి పేరు కూడా, నిజమే. అయినా పక్క గదిలో నిద్రపోతున్న కొడుకు పేరును చంపబడే పిల్లవాడికి పెట్టి, ఆ పేజీ పూర్తి చేసి, మళ్లీ ఆ కొడుకును ఎత్తుకున్న తల్లిని తలుచుకుంటే నాకు ఆ నవలలో ఏ శవం కంటే కూడా అదే ఎక్కువ భయపెడుతుంది. అసలు విలియం 1819లో, మూడేళ్ల వయసులో, రోమ్‌లో చనిపోయాడు.

మేరీ షెల్లీకి భయం దేనికి? దెయ్యాలకు కాదు. పుట్టుక, చావు ఆమె జీవితంలో ఎప్పుడూ జంటగానే వచ్చాయి. తను పుట్టడం తల్లిని తీసుకెళ్లింది. తను కన్నది నిలవలేదు. ‘నేను ప్రాణం పోసినదానికి ఏమవుతుంది, దానివల్ల నావాళ్లకు ఏమవుతుంది’ అన్న బెంగ ఆమెది. వికృత రూపం ఆ బెంగకు తొడిగిన ఒళ్లు.

సొంత భయం కథగా మారడంలో అసలు మెలిక ఇక్కడే ఉంది. మనం దేనికైతే భయపడుతున్నామని పైకి చెప్పుకుంటామో, చాలాసార్లు అది అసలు భయం కాదు. దాని వెనకాల పోగొట్టుకోలేనిది ఏదో ఒకటి ఉంటుంది. అక్కడిదాకా వెళ్లిన కథ నిలుస్తుంది. ముందే ఆగిపోయిన కథ ఒకసారి ఉలిక్కిపడేలా చేసి వదిలేస్తుంది.

లిఫ్ట్‌లో ఇరుక్కున్నది ఎవరు

కథలు రాయాలనుకునేవాళ్లకు అందరూ ఇచ్చే సలహా ఒకటుంది: మీకు దేనికి భయమో దాని గురించి రాయండి అని. సలహా మంచిదే, కాకపోతే సగమే. దాన్ని ఉన్నదున్నట్టు పాటిస్తే పామంటే భయం ఉన్నవాళ్లు పాము కథ రాస్తారు, చీకటంటే భయం ఉన్నవాళ్లు చీకటి గది కథ రాస్తారు. రాసేటప్పుడు చెయ్యి నిజంగానే వణుకుతుంది. చదివేవాళ్లకు మాత్రం ఏమీ అనిపించదు. పాము ఫొటో చూపించి భయపడమన్నట్టుంటుంది.

ఒకతనికి లిఫ్ట్ ఎక్కాలంటే భయం అనుకుందాం. ఎనిమిదో అంతస్తుకైనా మెట్లెక్కే వెళ్తాడు. దాని గురించి కథ రాయడానికి కూర్చుంటే మొదట వచ్చేది అందరికీ వచ్చేదే. లైట్లు ఆరిపోతాయి, లిఫ్ట్ కుదుపుతో ఆగుతుంది, పైన తాడు కిర్రుమంటుంది, లోపలున్నవాడు అరుస్తాడు. ఇలాంటిది మనం ఎన్నోసార్లు చూశాం.

ఇప్పుడు అతన్ని కూర్చోబెట్టి అడగాలి. తాడు తెగి కింద పడుతుందని భయమా? కాదంటాడు. అలా జరగడం చాలా అరుదని అతనికీ తెలుసు. ఊపిరాడదనా? కొంచెం. ఇరుక్కుపోతాననా? అవును. ఇరుక్కుపోతే ఎవరో ఒకరు వచ్చి తలుపు తీస్తారు కదా? ఇక్కడ అతను కాసేపు మాట్లాడడు. తర్వాత అంటాడు, ‘రాకపోతే?’ ఎందుకు రారు, ఇంట్లోవాళ్లున్నారు, ఆఫీసువాళ్లున్నారు. ‘నేను కనపడటం లేదని వాళ్లకు ఎప్పటికి తెలుస్తుంది?’

కథ దొరికింది. అది లిఫ్ట్ గురించి కాదు. తను లేని లోటు ఎవరికైనా తెలుస్తుందా అన్నదాని గురించి. ఇది తెలిశాక అదే సన్నివేశం మళ్లీ రాస్తే వేరేలా వస్తుంది. లిఫ్ట్ ఆగింది. లైటు వెలుగుతూనే ఉంది, ఫ్యాన్ తిరుగుతూనే ఉంది. అతను అలారం బటన్ నొక్కాడు. స్పీకర్‌లోంచి మర్యాదగా ఒక గొంతు వచ్చింది. ‘కంగారు పడకండి సార్, పది నిమిషాల్లో మనిషి వస్తాడు. ఈలోగా మీవాళ్లకెవరికైనా ఫోన్ చేసి చెప్పమంటారా?’ అతను పేరు చెబుదామని నోరు తెరిచాడు. మొదట తట్టిన పేరు చెబితే ఆ మనిషి ‘ఎవరూ?’ అంటుందేమో. రెండో పేరుకు ఈ వేళప్పుడు ఇబ్బంది. మూడో పేరు కోసం వెతుకుతుంటే గొంతు మళ్లీ అడిగింది, ‘సార్, వినపడుతోందా?’ పది నిమిషాలకు తలుపు తెరుచుకుంది. ఎవరికీ ఏమీ కాలేదు.

ఈ రెండో కథలో ప్రమాదం లేదు, చీకటి లేదు, అరుపు లేదు. భయం మాత్రం మొదటిదానికంటే ఎక్కువ. లిఫ్ట్ అంటే ఏ జంకూ లేనివాళ్లకు కూడా ఆ ప్రశ్న తగులుతుంది. పైపై భయాలు మనిషికొకటి. లోపలివి చాలావరకు అందరివీ ఒకటే: ఒంటరిగా మిగిలిపోవడం, మనవాళ్లను కాపాడుకోలేకపోవడం, మన మీద మనకే పట్టు తప్పడం, మనం ఎందుకూ పనికిరామని తేలిపోవడం. రాసేవాళ్లు తమ లిఫ్ట్ దగ్గర మొదలుపెట్టి ఇక్కడికి దిగితేనే చదివేవాళ్లు వేరే దారిలో వచ్చి కలుస్తారు.

దిగులు తిరిగినచోటే తిరుగుతుంది

భయానికి కథతో అంత దగ్గరి చుట్టరికం ఎందుకుందో కొంచెం చూడాలి. బాధ చాలావరకు జరిగిపోయినదాని గురించి. భయం మాత్రం ఇంకా జరగనిదాని గురించి. అరిస్టాటిల్ తన అలంకార శాస్త్రంలో భయాన్ని వివరిస్తూ, ముంచుకొస్తున్న కీడును మనసులో ఊహించుకోవడం వల్ల కలిగే బాధే అది అన్నాడు. చాలా దూరంలో ఉన్నదానికి మనుషులు భయపడరని కూడా అన్నాడు. అందరికీ చావు తప్పదని తెలుసు, అది దగ్గర్లో లేదు కాబట్టి పట్టించుకోరు అని. ఊహ, దగ్గరితనం రెండూ కథకు కూడా కావాల్సినవే.

ఇంటికి రావాల్సిన మనిషి గంట ఆలస్యమై, ఫోన్ ఎత్తకపోతే ఏం జరుగుతుందో చూడండి. జీవితంలో ఒక్క కథ కూడా రాయని మనిషి మనసులో కూడా అప్పటికప్పుడు సీన్లు అల్లుకుంటాయి. రోడ్డు మీద గుమిగూడిన జనం, తెలియని నంబరు నుంచి ఫోన్, ఆస్పత్రి వరండా, పొద్దున వేసుకెళ్లిన చొక్కా రంగు. ఎవరు ముందు ఏడుస్తారో, ఎవరికి ఎలా చెప్పాలో కూడా సిద్ధమైపోతుంది. పాత్రలున్నాయి, సంభాషణ ఉంది, ఉత్కంఠ ఉంది. ఇదంతా ఎవరూ నేర్పకుండా వచ్చిందే.

జ్ఞాపకం విషయంలోనూ అంతే. ప్రమాదం ఎదురైనప్పుడు మెదడులోని అమిగ్డలా అనే భాగం మేలుకుంటుంది, ఒత్తిడి హార్మోన్లు విడుదలవుతాయి, ఆ క్షణం మామూలు రోజులకంటే లోతుగా ముద్రపడుతుంది. అయితే మొత్తం కాదు. తుపాకీ చూపించి దోచుకున్నప్పుడు బాధితులకు తుపాకీ స్పష్టంగా గుర్తుంటుంది, పట్టుకున్నవాడి ముఖం సరిగా గుర్తుండదు. మానసిక శాస్త్రజ్ఞులు దీని మీద చాలా ప్రయోగాలు చేశారు. అందుకే భయపు జ్ఞాపకంలో ఒకటి రెండు వివరాలు కళ్లకు కట్టినట్టుంటాయి, చుట్టూ అంతా మసక. మంచి సన్నివేశం కూడా సరిగ్గా ఇలాగే ఉంటుంది. అన్నీ వర్ణించదు. ఒక్క తలుపు గడియ, ఒక్క చెప్పుల చప్పుడు చాలు.

మరి టెన్షన్ పడే ప్రతివాళ్లూ కథకులు ఎందుకు కాలేరు? దిగులు తిరిగినచోటే తిరుగుతుంది గనక. అది చివరిదాకా వెళ్లదు. ‘ఏమైనా అయితే?’ దగ్గరికి వచ్చి, అక్కడినుంచి గుండె ఝల్లుమని వెనక్కి పరుగెత్తి, మళ్లీ మొదటినుంచి మొదలుపెడుతుంది. కథ అలా తప్పించుకోలేదు. ‘అయింది. తర్వాత?’ అని అడిగి తీరుతుంది. నా దృష్టిలో రాయడంలో ధైర్యం అంటూ ఏదైనా ఉంటే, అది ఈ ‘తర్వాత?’ దగ్గర నిలబడటంలోనే ఉంది.

భయానక నవలలు రాసే స్టీఫెన్ కింగ్ కుటుంబం 1978లో అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో ఒక ఇంట్లో అద్దెకు దిగింది. ఇంటి ముందే పెద్ద రోడ్డు, దాని మీద బరువైన ట్రక్కులు. ఆ రోడ్డు మీద చచ్చిపోయిన పెంపుడు జంతువులను చుట్టుపక్కల పిల్లలు వెనక ఉన్న అడవిలో పూడ్చిపెట్టేవాళ్లు. కింగ్ కూతురి పిల్లి కూడా ఆ రోడ్డుకే బలై అక్కడికే చేరింది. కొన్నాళ్లకు నడక నేర్చిన చిన్న కొడుకు అదే రోడ్డు వైపు పరుగెత్తాడు. కింగ్ వెంటపడి చివరి క్షణంలో పట్టుకున్నాడు. అక్కడితో ఆ గండం గడిచింది. మామూలు మనిషైతే ఆ తలపునే మనసులోకి రానివ్వడు. కింగ్ కూర్చుని, పట్టుకోలేకపోయిన తండ్రి కథ రాశాడు. అంతటితో ఆగలేదు. బిడ్డను తిరిగి తెచ్చుకునే దారి ఒకటుందని, అది చెడ్డ దారని తెలిసినా ఆ తండ్రి ఆగడని, అలా తెచ్చుకుంటే ఏమవుతుందో అక్కడిదాకా వెళ్లాడు. రాశాక మరీ హద్దు దాటానేమోనని తనకే అనిపించి ఆ రాతప్రతిని పక్కన పెట్టేశాడు. ప్రచురణకర్తకు ఒక పుస్తకం బాకీ ఉండటంతో 1983లో ‘పెట్ సెమటరీ’గా బయటికొచ్చింది. ఆ నవలలో ట్రక్కు భయం కొన్ని పేజీలే. మిగతాదంతా ప్రేమకు హద్దు లేకపోతే ఏమవుతుందన్న భయం.

చివరిదాకా వెళ్లడమంటే ప్రతిసారీ ఘోరం దాకా వెళ్లడమని కాదు. బొమ్మల పుస్తకాలు వేసిన మారిస్ సెండాక్ చిన్నప్పుడు తరచూ జబ్బుపడేవాడు, తను చనిపోతాడేమోనని ఇంట్లో అనుకునే మాటలు చెవిన పడేవి. 1932లో, అతని మూడో ఏట, విమాన వీరుడు చార్లెస్ లిండ్‌బర్గ్ పసిబిడ్డను ఎవరో కిటికీకి నిచ్చెన వేసి ఎత్తుకుపోయారు. కొన్ని వారాల తర్వాత శవం దొరికింది. అంత గొప్పవాళ్ల బిడ్డకే రక్షణ లేకపోతే నా గతేమిటన్న బెదురు సెండాక్‌ను వదల్లేదు. దాదాపు యాభై ఏళ్ల తర్వాత, 1981లో, అతను ఒక పుస్తకం చేశాడు. అందులోనూ కిటికీ ఉంది, నిచ్చెన ఉంది, పాపను ఎత్తుకుపోయేవాళ్లున్నారు. కాకపోతే ఈసారి పాపకు ఒక అక్క ఉంది. ఆమె వెళ్లి చెల్లెల్ని తెచ్చుకుంటుంది. సెండాక్‌ను చిన్నప్పుడు కనిపెట్టుకుని ఉన్నది కూడా అక్కే. యాభై దాటిన మనిషి, మూడేళ్ల వయసులో తను వినలేకపోయిన ముగింపును తనే కూర్చుని రాసుకున్నాడు.

జింక పరుగు

భయాన్ని తవ్వి తీయడం ఒక ఎత్తు, దాన్ని తననుంచి కొంచెం ఎడంగా నిలబెట్టడం ఇంకో ఎత్తు. ఈ రెండోదాని గురించి నాకు తెలిసినంతలో అందరికంటే నిశితంగా ఆలోచించినవాడు అభినవగుప్తుడు. వెయ్యేళ్ల కిందట కాశ్మీరంలో, భరతుడి నాట్యశాస్త్రానికి వ్యాఖ్యానం రాస్తూ రసం ఎలా పుడుతుందో చెప్పడానికి ఆయన ఎంచుకున్న ఉదాహరణ భయానికి సంబంధించింది: ‘అభిజ్ఞాన శాకుంతలం’ మొదటి అంకంలోని జింక పద్యం.

దుష్యంతుడు రథం మీద జింకను తరుముతున్నాడు. ఆ జింక మెడ తిప్పి మాటిమాటికీ వెనక వస్తున్న రథాన్ని చూస్తోంది. బాణం ఎక్కడ పడుతుందోనని వెనక సగం శరీరాన్ని ముందు సగంలోకి ముడుచుకుంటోంది. అలసటతో తెరుచుకున్న నోట్లోంచి సగం నమిలిన దర్భలు దారి పొడుగునా రాలుతున్నాయి. ఎంత ఎత్తుకు ఎగురుతోందంటే నేల మీదకంటే గాలిలోనే ఎక్కువ ఉంది.

ఆ సగం నమిలిన గడ్డి చూడండి. ఇంత క్రితమే అది ఎక్కడో నింపాదిగా మేస్తోంది. మింగడానికి కూడా వ్యవధి లేకపోయింది. ‘జింక చాలా భయపడింది’ అనడానికీ దీనికీ ఎంత తేడా! ఇంకో సంగతి: ఇదంతా చెబుతున్నది జింక కాదు, విల్లు ఎక్కుపెట్టిన వేటగాడు. భయపడుతున్నవాళ్లు తమను తాము చూసుకోలేరు. భయం కనపడాలంటే కొంచెం పక్కన నిలబడ్డ కన్ను ఒకటి కావాలి.

అభినవగుప్తుడు చెప్పేది క్లుప్తంగా ఇదీ. రంగస్థలం మీద దీన్ని చూస్తున్నప్పుడు ‘నాకు భయంగా ఉంది’ అనిపిస్తే మనం లేచి పారిపోవాలి. ‘దానికి భయంగా ఉంది’ అనిపిస్తే జాలిపడో, పడకో ఊరుకోవాలి. రెండూ జరగవు. ఫలానా జింక, ఫలానా అడవి, ఫలానా రోజు అనేవి జారిపోయి, ఎవరిదీ కాని భయం ఒకటి మిగులుతుంది. అది గుండెలోకి నేరుగా దిగుతుంది, కళ్లముందు కదులుతుంది, కానీ మనల్ని కట్టిపడేయదు. దీన్నే సాధారణీకరణం అంటారు. నాది, నీది అన్న గుర్తులు చెరిగిపోతాయి గానీ, వివరాలు చెరిగిపోవు. ఇది ముఖ్యం. భయాన్ని అందరిదీ చేయడానికి దాన్ని పలుచన చేయాల్సిన పనిలేదు. దర్భలు దర్భలుగానే ఉండాలి.

ఫ్రాంజ్ కాఫ్కా జీవితంలో ఇది ఎలా జరిగిందో దాదాపు కళ్లారా చూడొచ్చు. 1919లో, ముప్ఫై ఆరేళ్ల వయసులో, అతను తండ్రికి వంద పేజీలు దాటిన ఉత్తరం రాశాడు. నువ్వంటే నాకు భయమని ఎందుకంటానని ఈమధ్య అడిగావు కదా, అంటూ మొదలవుతుంది అది. అందులో ఒక రాత్రి గురించి ఉంటుంది. చిన్నప్పుడు మంచినీళ్ల కోసం అదేపనిగా మారాం చేస్తే, తండ్రి మంచం మీదినుంచి ఎత్తి బయట వరండాలో పెట్టి తలుపు మూసేశాడు. రాత్రి చొక్కాతో మూసిన తలుపు ముందు కాసేపు నిలబడ్డాడు, అంతే. అంత పెద్ద మనిషి ఏ కారణమూ లేకుండా ఎప్పుడైనా వచ్చి తనను అలా తీసిపారేయగలడని, ఆయన ముందు తను సున్నా అని ఆ పిల్లవాడికి ఏళ్ల తరబడి అనిపిస్తూనే ఉంది. ఆ ఉత్తరం తండ్రికి చేరనే లేదు.

ఆ ఉత్తరానికి ఏడేళ్ల ముందు, 1912 సెప్టెంబరు 22 రాత్రి పదింటికి కూర్చుని తెల్లవారి ఆరింటిదాకా కదలకుండా కాఫ్కా ఒక కథ రాశాడు. పేరు ‘తీర్పు’. అందులో కొడుకు ముసలి తండ్రిని మంచం మీద పడుకోబెట్టి దుప్పటి కప్పుతాడు. బాగా కప్పావా అని తండ్రి అడుగుతాడు. కప్పానంటాడు కొడుకు. మరుక్షణం తండ్రి దుప్పటి విసిరికొట్టి మంచం మీద నిటారుగా లేచి నిలబడతాడు, ఒక చెయ్యి పైకప్పుకు ఆనించి. నీళ్లలో మునిగి చావమని కొడుక్కి శిక్ష వేస్తాడు. కొడుకు పరుగెత్తుకెళ్లి వంతెన మీదినుంచి దూకేస్తాడు.

పైకప్పుకు ఆనిన ఆ చెయ్యి నా మనసులోంచి పోదు. కథలో కొడుకు పెద్దవాడు, పెళ్లి కుదిరినవాడు, వ్యాపారం నడుపుతున్నవాడు. కానీ తండ్రి ఎత్తు మాత్రం మంచం పక్కన నిలబడ్డ చిన్న పిల్లవాడి కళ్లతో చూసిన ఎత్తు. తనదని చెప్పుకుంటూ ఉత్తరంలో వంద పేజీల్లో వివరించాల్సి వచ్చినదాన్ని, వేరే పేరున్న కొడుక్కి ఇచ్చేసరికి ఒక్క రాత్రిలో, ఒక్క చేతి కదలికలో చెప్పగలిగాడు. అదీ ఏడేళ్లు ముందుగా.

భయం వేరేవాళ్ల మీదికి మళ్లినప్పుడు

భయం ఎప్పుడూ మంచి కథకే దారి తీస్తుందనుకుంటే పొరపాటు. హెచ్.పి. లవ్‌క్రాఫ్ట్ గొప్ప ఊహాశక్తి ఉన్న రచయిత. 1924లో పెళ్లి చేసుకుని న్యూయార్క్ వచ్చాడు. ఉద్యోగం దొరకలేదు, కాపురం నిలబడలేదు, చివరికి బ్రూక్లిన్‌లో ఒంటరిగా ఒక గదిలో ఉండాల్సి వచ్చింది. 1925లో ఆ గదిలో దొంగలు పడి బట్టలు కూడా ఎత్తుకుపోయారు. ఆ ఏడాదే ఆ చుట్టుపక్కల పేట మీద ఒక కథ రాశాడు. ఆ కథలో భయం అంతా అక్కడ బతుకుతున్న వలస జనం మీదికి వెళ్లింది. వాళ్ల ముఖాలు, వాళ్ల భాషలు, వాళ్ల గుంపులు, అన్నీ అసహ్యంగా, పాపిష్టిగా కనిపిస్తాయి. ఆ పేట వలస జనంలో ఒక్కరు కూడా ఆ కథలో మనిషిగా ఉండరు.

అతని లోపలి భయం నాకు అర్థమవుతుంది. ఓడిపోయానని, ఈ నగరానికి నేను అక్కర్లేదని, నా పుట్టుక మీద నేను పెట్టుకున్న గొప్ప ఇక్కడ చెల్లదని. ఆ భయాన్ని అలాగే రాసి ఉంటే బహుశా అతని గొప్ప కథల్లో ఒకటి అయ్యేది. లోపలికి వెళ్లే బదులు వేలు బయటికి చూపించాడు. కనిపించినవాళ్లే కారణమని నమ్మాడు. ఇందాకటి లిఫ్ట్ మనిషి ‘ఈ లిఫ్ట్ తయారుచేసినవాళ్లు రాక్షసులు’ అని కథ రాయడం లాంటిది ఇది, కాకపోతే ఇక్కడ దెబ్బ తగిలేది మనుషులకు.

అందుకే భయం మీద రాసేవాళ్లు తమను తాము గట్టిగా అడగాల్సిన ప్రశ్న ఇది: నా కథలో భయపెట్టే మనిషికి ఒక ఇల్లు, ఒక ఆకలి, ఒక భయం ఉన్నాయా? లేకపోతే అక్కడ కథ ఆగిపోయి ద్వేషం మొదలైందేమో చూసుకోవాలి. మేరీ షెల్లీ తన వికృత రూపానికి గొంతు ఇచ్చింది. నవల మధ్యలో కొన్ని అధ్యాయాల పాటు అతనే మాట్లాడతాడు, ఒంటరితనం గురించి చెప్పుకుంటాడు. పద్దెనిమిదేళ్ల వయసులో మొదలుపెట్టిన నవలలో ఆమెకు అది తట్టడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

రాస్తే భయం పోతుందా

చాలామంది ఇది నమ్ముతారు. కొంత ఆధారం కూడా ఉంది. 1986లో జేమ్స్ పెన్నెబేకర్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త, తన సహచరితో కలిసి విద్యార్థులతో ఒక ప్రయోగం చేశాడు. రోజుకు పదిహేను నిమిషాల చొప్పున నాలుగు రోజులు, జీవితంలో తమను బాగా కలతపెట్టిన సంగతి గురించి రాయమన్నాడు. జరిగింది, దానివల్ల అనిపించింది రెండూ కలిపి రాసినవాళ్లకు రాసిన వెంటనే మనసు బరువెక్కింది. కానీ తర్వాతి నెలల్లో వాళ్లు డాక్టరు దగ్గరికి వెళ్లడం మాత్రం తగ్గింది. ఆ తర్వాత ఎన్నో చోట్ల ఈ ప్రయోగం చేశారు, ఫలితం మొత్తం మీద ఉంది గానీ చిన్నది, అందరికీ ఒకేలా లేదు.

నాకు ఇందులో ఆసక్తిగా అనిపించింది వేరొకటి. ఆ రాతల్లోని మాటలను లెక్కించినప్పుడు, రోజులు గడిచేకొద్దీ ‘ఎందుకంటే’, ‘అప్పుడు అర్థమైంది’ లాంటి మాటలు పెరిగినవాళ్లకే మేలు ఎక్కువ జరిగిందని తేలింది. నాలుగు రోజులూ అదే బాధను అదే వరుసలో రాసినవాళ్లకు అంత కాలేదు. అంటే వెళ్లగక్కడం ఒక్కటే సరిపోలేదు. ఒకదానికి ఇంకొకదాన్ని ముడివేయడం, కారణం వెతకడం, అంటే కథ అల్లడం మొదలైన చోట మార్పు వచ్చింది.

అయినా భయాన్ని వదిలించుకోవడానికి రాయమని నేను ఎవరికీ చెప్పను. ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్ ఒక సంగతి జీవితాంతం చెబుతుండేవాడు. నాలుగైదేళ్ల వయసులో తండ్రి ఒక చీటీ ఇచ్చి పోలీస్ స్టేషన్‌కు పంపాడట. అది చదివిన పోలీసు తనను కాసేపు సెల్‌లో పెట్టి తాళం వేసి, అల్లరి పిల్లలను మేం ఇలా చేస్తామన్నాడట. తప్పు చేయకుండానే నేరస్తుడిగా నిలబడ్డ మనిషి అతని సినిమాల్లో మళ్లీ మళ్లీ కనిపిస్తాడు. అన్ని సినిమాలు తీశాక కూడా పోలీసంటే భయమేనని ఒప్పుకునేవాడు. భయం పోలేదు. పనికొచ్చింది.

ఇంకా పచ్చిగా ఉన్న గాయాన్ని కథ కోసం కెలకాల్సిన అవసరం కూడా లేదు. సెండాక్‌కు దాదాపు యాభై ఏళ్లు పట్టింది. కింగ్ రాశాక దాచేశాడు. తలుచుకుంటే నిద్ర పట్టడం లేదు, ఊపిరి అందడం లేదు అన్న స్థితిలో కావాల్సింది కాగితం కాదు, తోడుగా మనిషి, అవసరమైతే డాక్టరు. కథ ఎక్కడికీ పోదు.

సిద్ధంగా ఉన్నామనుకున్నప్పుడు మాత్రం వెతకాల్సిన చోటు ఒకటుంది. ఇప్పటికే రాసి పెట్టుకున్న కథలు తీసి, ఎక్కడ వేగం పెంచామో చూడాలి. తోట గురించి రెండు పేజీలు, పెళ్లి గురించి నాలుగు పేజీలు రాసి, ‘ఆ తర్వాతి ఏడాది నాన్న పోయారు’ అని ఒక్క వాక్యంతో దాటేసిన చోటు. ‘వాళ్లిద్దరి మధ్యా ఏదో మాటామాటా వచ్చింది’ అని సరిపెట్టిన చోటు. ‘చెప్పలేనంత భయం వేసింది’ అని అరువు తెచ్చుకున్న మాటతో పని కానిచ్చిన చోటు. చేయి అక్కడ ఎందుకు తొందరపడిందో రాసినవాళ్లకే తెలుస్తుంది. ఆ వాక్యాన్ని కొట్టేసి, ఆ రోజు గదిలో ఎవరెవరున్నారో, ఎవరు ఎటు చూస్తున్నారో, ఎవరి చేతిలో ఏముందో అక్కడినుంచి మళ్లీ మొదలుపెట్టాలి.